బ్రూస్టర్ కౌంటీ, టెక్సస్: ఉమ్మడి ఆదిలాబాద్ అంత నేల, పదివేలు కూడా లేని జనం

ఫ్రిస్కో_సుబ్బు

థాంక్స్‌గివింగ్ సెలవులకి బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి పోదామని నలుగురం అనుకుంటున్నాం. దారి ఎలాగో చూద్దామని మ్యాప్ తీశాను. పడమటి టెక్సస్‌లో రియో గ్రాండే నది మెక్సికో వైపు కిందికి దిగి, మళ్లీ పైకి తిరిగే చోట ఒక పేద్ద కౌంటీ ఉంది, బ్రూస్టర్ అని. టెక్సస్‌లో 254 కౌంటీలుంటే విస్తీర్ణంలో ఇదే మొదటిదట. 6,190 చదరపు మైళ్ల పైనే. కనెటికట్ రాష్ట్రాన్ని మొత్తం ఇందులో పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది.

జనం ఎంతమంది అని చూస్తే 2020 లెక్కల్లో 9,546. అంతే!

ఎందుకిలా? మెక్సికో బోర్డర్ కాబట్టి భయపడి ఎవరూ ఉండరా అంటే, ఎల్ పాసో, లరేడో కూడా బోర్డరే, అక్కడ లక్షల్లో ఉన్నారు. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి. ట్రిప్‌కి సలహాలిచ్చినా పుణ్యమే.

ఆదిలాబాద్_బిడ్డ

సుబ్బన్నా, నేను చదరపు కిలోమీటర్లలోకి మార్చి చూసిన. పదహారు వేల చిల్లర వచ్చింది. మా ఉమ్మడి ఆదిలాబాద్ కూడా పదహారు వేల చిల్లరే. 2011లో మా జిల్లా జనాభా 27 లక్షల పైన. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తంలో జనసాంద్రత అన్నిటికంటే తక్కువున్న జిల్లా అప్పుడు మాదే, చదరపు కిలోమీటరుకు 170 మంది. అడివి జిల్లా అని మమ్మల్ని ఎంతమంది వెక్కిరించిన్రో. నీ బ్రూస్టర్‌ల పది చదరపు కిలోమీటర్లు తిరిగితే ఆరుగురు కనబడతరు.

పటాల_పిచ్చోడు

బోర్డర్‌కీ దీనికీ సంబంధం తక్కువ సుబ్బు గారూ. ముందు నీళ్ల సంగతి చూడండి.

ఇది చివావన్ ఎడారి. నది పక్కనున్న పల్లపు నేలలో ఏడాదంతా కలిపి పది, పన్నెండు అంగుళాల వాన పడితే గొప్ప. అదీ ఎక్కువగా వేసవి మధ్య నుంచి ఉరుములతో వచ్చేదే. అనంతపురంలో ఇరవై అంగుళాల పైన పడినా మనం కరువు సీమ అంటాం. అందులో సగం అనుకోండి.

దక్షిణాన, పార్కు నడిమధ్యలో చీసోస్ కొండలున్నాయి. ఎమరీ శిఖరం 7,800 అడుగుల పైచిలుకు. పైన చల్లగా ఉంటుంది, పైన్, ఓక్ చెట్లు కూడా ఉంటాయి. కిందికి దిగేసరికి ఆకులు పోయి అన్నీ ముళ్లే. అమెరికాలో ఒక కొండల వరుస మొత్తం ఒకే నేషనల్ పార్కు లోపల ఉన్నది ఇక్కడొక్కచోటే. ఇక నది. శాంటా ఎలీనా, మారిస్కాల్, బోకియాస్ అని మూడు పెద్ద లోయలు కోసుకుంటూ పోతుంది. శాంటా ఎలీనా దగ్గర సున్నపురాయి గోడలు 1,500 అడుగుల దాకా నిలువుగా లేస్తాయి. నది అక్కడే ఉన్నా దాని నీళ్లు పొలానికి ఎక్కేది లేదు. సాగుకి పనికొచ్చే ఒండ్రు నేల కాస్టలాన్ దగ్గరా, ఇంకా ఒకటి రెండు చోట్లా కొంచెం ఉంది. 1920ల్లో అక్కడ పత్తి కూడా వేశారు. తక్కినదంతా పశువుల మేత నేల. ఒక్క ఆవు బతకాలంటే ఎకరాలకు ఎకరాలు కావాలి, అలాంటిచోట ఒక రాంచ్‌కి (పశువులు పెంచే క్షేత్రానికి) ఇంకో రాంచ్‌కి మధ్య మైళ్లు లేకపోతే ఎలా?

ఉత్తర భాగం దాదాపు 4,500 అడుగుల ఎత్తు. అక్కడ గడ్డి బాగుంటుంది. రైలు అటు వచ్చింది, ఊళ్లూ అటే వచ్చాయి. కౌంటీ కేంద్రం ఆల్పైన్‌లోనే 6,035 మంది ఉన్నారు. అంటే ముగ్గురిలో ఇద్దరికి కొంచెం తక్కువ. ఆల్పైన్ నుంచి నదికి ఎనభై మైళ్లు. పేరుకి సరిహద్దు కౌంటీయే గానీ, ఇక్కడ ఎక్కువమంది బోర్డర్‌కి గంటన్నర దూరంలో కాపురముంటారు.

పాత_చింతకాయ

పిచ్చోడు గారు నీళ్లన్నారు, నాకు అది చాలు. ఆల్పైన్ పుట్టిందే ఒక ఊట పుణ్యాన.

1882లో తూర్పు పడమరలను కలిపే రైలు మార్గం ఇటు వేసుకుంటూ వచ్చారు. ఆవిరి ఇంజన్లకి నీళ్లు కావాలి కదా. ఆ చుట్టుపక్కల ఊట ఉన్న నేల మర్ఫీ అన్నదమ్ములది. నీళ్లిస్తాం, స్టేషన్‌కి మా ఇంటి పేరు పెట్టండి అన్నారు. అలా ఊరు మర్ఫీవిల్ అయింది. అయిదేళ్లు గడిచాయో లేదో, ఊరివాళ్లకి ఆ పేరు నచ్చక 1888లో ఆల్పైన్ అని మార్చుకున్నారు. పాపం మర్ఫీలు.

అంతకు ముందు కథ పెద్దదే, ముఖ్యమైనవి చెప్తాను. ఇది హుమానోలు, చీసోస్ తెగవాళ్లు, ఆ తర్వాత మెస్కలేరో అపాచీలు తిరిగిన నేల. కమాంచీలు ఏటా చలికాలం ముందు ఉత్తర మైదానాల నుంచి గుర్రాల మీద దిగి, ఇక్కడే నది దాటి మెక్సికో ఊళ్లను దోచుకొని, గుర్రాలనూ బందీలనూ తోలుకుని వచ్చేవాళ్లు. వాళ్లు తిరిగిన బాటే చాలా ఏళ్లు ఈ ప్రాంతానికి రహదారి. అమెరికా, మెక్సికోల 1848 ఒప్పందంతో నది సరిహద్దయింది. 1852లో సైన్యంలో సర్వే అధికారి ఎమరీ కింద పనిచేసిన సర్వే బృందం ఆ సరిహద్దు చూసి రాయడానికి వచ్చి కొన్ని లోయల్లోకి దిగలేక చుట్టూ తిరిగిపోయింది. అందుకే ఆ శిఖరానికి ఆయన పేరు. 1859, 1860లో సైన్యం ఒంటెలను తెచ్చి మరీ ఈ నేలలో నీటి జాడలు, దారులు వెతికించింది. ఒంటెలు బాగానే నడిచాయి. తర్వాత అంతర్యుద్ధం వచ్చి ఆ ముచ్చట మూలపడింది.

కౌంటీగా బ్రూస్టర్ పుట్టింది 1887లో, ప్రెసిడియో కౌంటీని చీల్చి. టెక్సస్ విడి దేశంగా ఉన్న రోజుల్లో యుద్ధ మంత్రిగా చేసిన హెన్రీ పర్సీ బ్రూస్టర్ పేరు పెట్టారు. ఆయన ఈ కౌంటీ ముఖం చూశాడని నేను అనుకోను, అక్కడ పేర్లు అలాగే పెడతారు. అదే ఏడాది పక్కన బ్యూకెల్, ఫోలీ అని ఇంకో రెండు కౌంటీలు కూడా కాగితం మీద పుట్టించారు. కోర్టు పెట్టాలన్నా, పన్ను వసూలు చేయాలన్నా మనుషులు కావాలి కదా. పదేళ్లు ఎదురుచూసి 1897లో రెండిటినీ బ్రూస్టర్‌లో కలిపేశారు. సుబ్బు ఆశ్చర్యపోయిన ఆ పెద్ద విస్తీర్ణం వెనకున్న అసలు కథ ఇది. జనం లేకే కౌంటీ అంత పెద్దదయింది.

తర్వాత వచ్చింది పాదరసం. టర్లింగ్వా దగ్గర సిందూరం రంగు ఖనిజం, ఇంగిలీకం, దొరికింది. షికాగో పెట్టుబడిదారు హోవర్డ్ పెర్రీ 1903లో చీసోస్ మైనింగ్ కంపెనీ పెట్టాడు. తవ్వినవాళ్లు దాదాపు అందరూ నది అవతలి నుంచి వచ్చిన మెక్సికన్లు. ఎడారిలో గని, గని పక్కన కంపెనీ కొట్టు, కొండ మీద ఓనరు మేడ. మొదటి ప్రపంచ యుద్ధంలో తూటాల మందు పేలడానికి పాదరసం కావాల్సి వచ్చి గిరాకీ ఎక్కింది. 1942లో కంపెనీ దివాలా తీసింది. కొన్నాళ్లకి గనులు మూతపడ్డాయి, జనం వెళ్లిపోయారు. ఇప్పుడు మీరు ఫోటోలు తీసుకోబోయే రాతి గోడలు వాళ్ల ఇళ్లే. ఆ పక్కన శ్మశానం ఉంటుంది, అక్కడ కాస్త నెమ్మదిగా నడవండి. నవంబరు 2న ఇప్పటికీ సమాధుల దగ్గర దీపాలు పెడతారు.

ఫ్రిస్కో_సుబ్బు

చింతకాయ గారూ, ఇది నాకు పాఠంలా కాకుండా కథలా ఉంది, ఆపొద్దు. పార్కు ఎప్పుడు వచ్చింది? అంత నేల ఎవరిది?

పాత_చింతకాయ

1910 తర్వాత మెక్సికోలో విప్లవం వచ్చింది, దాని సెగ ఇటూ తగిలింది. 1916 మే 5 రాత్రి గ్లెన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరి మీద అవతలి నుంచి వచ్చిన ముఠా దాడి చేసింది. ముగ్గురు సైనికులు, ఒక పిల్లవాడు చనిపోయారు. అక్కడ ఉన్నది కాండెలిల్లా అనే ఎడారి మొక్క నుంచి మైనం తీసే కార్ఖానా. ఆ తర్వాత నది పొడవునా సైన్యం దిగింది.

పార్కు సంగతి. 1933లో రాష్ట్రం ముందు స్టేట్ పార్కు చేసింది, 1935లో అమెరికా కాంగ్రెస్ నేషనల్ పార్కుకి సరేనంది. షరతేమిటంటే నేల కొని ఇవ్వాల్సింది టెక్సస్. 1941లో రాష్ట్రం 15 లక్షల డాలర్లు కేటాయించి రాంచ్‌ల వాళ్ల దగ్గర కొన్నది. అమ్మడానికి ఇష్టం ఉన్నవాళ్లూ అమ్మారు, లేనివాళ్లూ అమ్మారు. 1944 జూన్ 12న పార్కు మొదలైంది. ఇప్పుడు 8 లక్షల ఎకరాల పైనే. అంటే కౌంటీలో అయిదో వంతులో మనిషి ఇల్లు కట్టుకునే వీల్లేదు. జనసాంద్రత లెక్క వేసేటప్పుడు ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

ఎడారి_ఉడుత

ఇప్పటిదాకా ఊరుకున్నాను గానీ, బోర్డర్‌కీ దీనికీ సంబంధం తక్కువ అన్న మాట నేను ఒప్పుకోను. ఇటు ఒడ్డు నుంచి మాత్రమే చూస్తే అలాగే అనిపిస్తుంది.

నది అవతల కోవవీలా రాష్ట్రంలో బోకియాస్ డెల్ కార్మెన్ అని ఒక పల్లె ఉంది. పార్కుకి వచ్చినవాళ్లు పడవలో అటు వెళ్లి తిని, బొమ్మలు కొనుక్కుని వచ్చేవాళ్లు. ఆ ఊరివాళ్లు ఇటువైపు కొట్లో సరుకులు తెచ్చుకునేవాళ్లు. ఇటు ఒడ్డున లహీటాస్ అనే ఊరి దగ్గర కూడా అంతే. ఎదురుగా పాసో లహీటాస్, ఇంకొంచెం కిందికి పోతే శాంటా ఎలీనా పల్లె. అటు భోంచేసి రావడం, ఇటు పనికి రావడం, పెళ్లిళ్లు, పేరంటాలు. తరాలుగా అలాగే నడిచింది. ఎవరూ ఏ స్టాంపూ వేయలేదు.

2001 సెప్టెంబరు దాడుల తర్వాత కథ మారింది. 2002 మేలో ఈ రేవులన్నీ మూసేశారు. బోకియాస్ నుంచి నది అవతల కనపడే కొట్టుకి చట్టబద్ధంగా రావాలంటే పడమట మెక్సికోలోని ఓహినాగా ఊరి వంతెన మీదుగా వందల మైళ్లు చుట్టు తిరగాలి. ఊరి బతుకుతెరువే టూరిస్టులు. పదకొండేళ్లు మూసేస్తే ఏమవుతుంది? సగానికి పైగా కుటుంబాలు వెళ్లిపోయాయి. 2013 ఏప్రిల్‌లో బోకియాస్ ఒక్కటి మళ్లీ తెరిచారు. మిగతావి మూతే. కోవిడ్‌లో ఇంకోసారి మూసి 2021 చివర్లో తీశారు.

వంతెన సంగతి కూడా వినండి. కౌంటీ తూర్పు కొసన లా లిండా దగ్గర 1960ల్లో ఒక వంతెన కట్టారు, అవతలి గనుల నుంచి ఫ్లోరైట్ ఖనిజం తేవడానికి. 1997లో దాన్నీ మూసేశారు. కాంక్రీట్ దిమ్మలు అడ్డం పెట్టి అలాగే వదిలేశారు. ఈ రోజు ఇంత పెద్ద సరిహద్దు కౌంటీలో కారు నది దాటే దారి ఒక్కటీ లేదు. ఎల్ పాసో, లరేడో లక్షల్లో ఎందుకున్నాయి అని సుబ్బు అడిగాడుగా? వంతెనల మీద లారీలు నడుస్తాయి కాబట్టే. బోర్డర్ జనాన్ని తరిమేయదు, దాటే దారి ఉంటే పోగేస్తుంది.

పటాల_పిచ్చోడు

ఉడుత గారూ, వాదన బాగుంది గానీ అంకెలు మీ వైపు లేవు. 2000లో బ్రూస్టర్ జనాభా 8,866. రేవులు మూసేశాక, 2010లో 9,232. పెరిగింది, తగ్గలేదు.

ఎల్ పాసో విషయంలో కూడా, వంతెన కంటే ముందు అక్కడ కనుమ ఉంది, పారే పొలాలున్నాయి. జనం చేరాక వంతెనలు కట్టారు.

ఎడారి_ఉడుత

నేను చెప్పేదీ అదే కదా! తగ్గింది అవతలి ఒడ్డున. మీ లెక్క నది మధ్యకి రాగానే ఆగిపోతుంది. ఒక ఒడ్డు కౌంటీది, రెండో ఒడ్డు ఇంకో దేశానిది, రెండూ కలిపి లెక్కపెట్టిన పుస్తకం ఎక్కడా ఉండదు. టర్లింగ్వా గనుల రోజుల్లో జనం పెరిగింది అటు నుంచి వచ్చినవాళ్లతో, గని మూతపడితే చాలామంది పోయింది అటుకే.

ఆదిలాబాద్_బిడ్డ

ఉడుతన్న చెప్పింది నాకు ఎంటనే ఎక్కింది. మాకు పెనుగంగ అవతల మహారాష్ట్ర. మా మేనత్తను అటు ఇచ్చిన్రు, మా ఇంట్ల సగం మాటలు మరాఠీనే. కెరమెరి మండలంల పరందోలి, ముకదంగూడ ఇసొంటి పన్నెండు ఊర్లు రెండు రాష్ట్రాల మధ్య తగువుల ఉన్నయి. అక్కడ ఒక్క మనిషికే రెండు రాష్ట్రాల ఓటరు కార్డులుంటయి, ఊరికి ఇద్దరు సర్పంచులు. బ్రూస్టర్ దిక్కు నది మనిషిని లెక్కల నుంచి తీసేస్తే, మా దిక్కు రెండుసార్లు రాసుకుంటరు.

కాకపోతే మాది ఒకే దేశం అన్నా. పెనుగంగ దాటనీకి పాస్‌పోర్ట్ అడగరు.

శారద_ఎల్పాసో

మీ గొడవ బాగుంది గానీ, అక్కడ ఇప్పుడు ఉంటున్నవాళ్ల గురించి ఒక్కరూ మాట్లాడరే? నేను ఎల్ పాసోలో నర్సుని, ఆ వైపు రోగుల్ని చూస్తుంటాను.

ఆల్పైన్‌లో ఒక ఆస్పత్రి ఉంది, చిన్నదే. చుట్టుపక్కల వేల చదరపు మైళ్లకి అదే దిక్కు. టర్లింగ్వాలో ఎవరికైనా గుండె నొప్పి వస్తే ముందు ఎనభై మైళ్లు అంబులెన్సులో ఆల్పైన్, అక్కడ కాకపోతే హెలికాప్టరో విమానమో. కాన్పు దగ్గరపడితే ముందే ఆల్పైన్‌కి వచ్చి చుట్టాలింట్లో ఉండేవాళ్లు ఉన్నారు, మన పల్లెల్లో పుట్టింటికి పంపినట్టు.

బడి సంగతి ఇంకా విచిత్రం. 1990ల్లో టర్లింగ్వాకి హైస్కూల్ వచ్చేదాకా అక్కడి పెద్ద పిల్లలు రోజూ బస్సులో ఆల్పైన్‌కి ఎనభై మైళ్లు, తిరిగి ఎనభై మైళ్లు. దేశంలోనే పొడవైన స్కూల్ బస్సు రూటు అనేవాళ్లు. నీళ్లు ఇప్పటికీ చాలా ఇళ్లకి ట్యాంకరే, లేకపోతే రేకు మీద పడిన వాన నీళ్లు తొట్టిలో పట్టుకోవడమే.

ఆ తొమ్మిది వేల అయిదొందల్లో ఎవరున్నారో కూడా చూడండి. పదిమందిలో నలుగురికి పైగా హిస్పానిక్ కుటుంబాలు, కొన్ని తరాల నుంచి ఉన్నవాళ్లు. ఆల్పైన్‌లో సల్ రాస్ యూనివర్సిటీ ఉంది, 1920 నుంచి నడుస్తోంది. ఊరికి అదే ప్రాణం, విద్యార్థులు, స్టాఫ్ లేకపోతే ఆ ఆరు వేలు కూడా ఉండరు. బోర్డర్ పట్రోల్ (సరిహద్దు గస్తీ) ఉద్యోగులు, పార్కు ఉద్యోగులు, రాంచ్‌ల వాళ్లు, రిటైరై ప్రశాంతంగా బతుకుదామని వచ్చిన ముసలివాళ్లు. ఈ మధ్య టర్లింగ్వాలో ఎక్కడ చూసినా టూరిస్టులకి అద్దెకిచ్చే ఎయిర్‌బీఎన్‌బీ గుడారాలే. 2021లో పార్కుకి వచ్చినవాళ్లు 5.8 లక్షలు, కౌంటీ జనాభాకి అరవై రెట్లు. గదులు తుడిచే అమ్మాయికి మాత్రం అద్దెకి ఇల్లు దొరకదు. సుబ్బు తమ్ముడూ, నువ్వు బుక్ చేసుకునే గుడారం కూడా ఆ లెక్కలోదే. పోవద్దని కాదు, తెలిసి పో.

కృష్ణా_ఆయకట్టు

నదుల మాట వచ్చింది కాబట్టి నేనూ ఒక ముక్క. బ్రూస్టర్ పక్కన పారేది పేరుకి రియో గ్రాండే, నిజానికి ఎక్కువ భాగం మెక్సికో నుంచి వచ్చే కాంచోస్ నది నీళ్లు. కొలరాడో కొండల్లో పుట్టిన అసలు నదిని న్యూ మెక్సికో, ఎల్ పాసో, దాని ఎదురుగా మెక్సికోలో ఉన్న హువారెస్ వాడేసుకుంటాయి. ఆ కిందికి వచ్చేసరికి ఎండిన కాలవే. ఓహినాగా దగ్గర కాంచోస్ కలిస్తేనే మళ్లీ నది అవుతుంది.

దీనికి 1944 నాటి ఒప్పందం ఉంది. కాంచోస్‌తో కలిపి ఆరు ఉపనదుల నుంచి మెక్సికో అయిదేళ్లకి 17.5 లక్షల ఎకరపు అడుగుల నీళ్లు ఇవ్వాలి. మన భాషలో సుమారు 76 టీఎంసీలు. బదులుగా అమెరికా కొలరాడో నది నుంచి ఏడాదికి 15 లక్షల ఎకరపు అడుగులు, అంటే 65 టీఎంసీలు ఇస్తుంది. కరువొస్తే అయిదో ఏడు చివర్లో మెక్సికో బాకీ పడుతుంది. 2020 సెప్టెంబరులో మెక్సికోలోని చివావా రాష్ట్ర రైతులు మా నీళ్లు ఎలా వదులుతారని కాంచోస్ మీద లా బోకియా డ్యామునే ఆక్రమించారు. నాగార్జునసాగర్ గేట్ల దగ్గర రెండు రాష్ట్రాల పోలీసుల్ని చూసిన మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. తమాషా ఏమిటంటే ఈ పంపకంలో బ్రూస్టర్‌కి చుక్క వాటా లేదు. నీళ్లన్నీ ఇంకా కింద, రియో గ్రాండే లోయ పొలాలకి పోయేవి. వీళ్లు ఒడ్డున నిలబడి చూడ్డమే. 2022 ఎండల్లో శాంటా ఎలీనా దగ్గర ధార తెగిపోయిందని విన్నప్పుడు పడవలు నడుపుకునే వాళ్లకి తప్ప ఎవరికీ టెన్షన్ పట్టలేదు.

ఎడారి_ఉడుత

బాకీలు, టీఎంసీలు పక్కన పెడితే ఒక సరదా ముక్క. లహీటాస్‌లో బీరు తాగే మేకని మేయర్ చేశారు, నిజం. ఆ పదవి దాని వంశంలోనే నడిచింది కూడా. జనం తక్కువైతే పోటీ తక్కువ.

ఫ్రిస్కో_సుబ్బు

మేక సంగతి మా గ్రూప్‌లో పెట్టేశాను, ఇక ట్రిప్ ఖాయం. బోకియాస్‌కి దాటొచ్చా? మాలో ఇద్దరం హెచ్1బీ.

శారద_ఎల్పాసో

ముందు చెక్‌పోస్టుల సంగతి తెలుసుకో. వెళ్లేటప్పుడు ఎవరూ ఆపరు. తిరిగి ఉత్తరానికి వచ్చేటప్పుడు ఆల్పైన్ దారిలోనూ, మారథాన్ అనే ఊరి దారిలోనూ బోర్డర్ పట్రోల్ వాళ్లు ప్రతి కారునీ ఆపుతారు, మీరు మెక్సికో గడప తొక్కకపోయినా సరే. పాస్‌పోర్ట్ ఒరిజినల్, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింట్, అప్రూవల్ నోటీసు కారులో ఉండాలి. ఫోన్‌లో ఫోటో ఉంది అంటే కుదరదు, చాలా చోట్ల సిగ్నలే ఉండదు.

ఎడారి_ఉడుత

దాటడం తేలికే. రేవు తెరిచే రోజులు సీజన్‌ని బట్టి మారతాయి, పార్కు వెబ్‌సైట్‌లో చూసుకోండి. చిన్న తెడ్డు పడవలో నది దాటిస్తారు, అవతల గాడిద మీదో నడిచో ఊళ్లోకి. తిరిగొచ్చాక అక్కడ ఇమిగ్రేషన్ అధికారి ఉండడు. ఒక యంత్రంలో పాస్‌పోర్ట్ పెట్టి, ఫోన్ ఎత్తి, ఎక్కడో దూరాన కూర్చున్న అధికారికి కెమెరాలో ముఖం చూపించాలి. సిటిజన్లకి రెండు నిమిషాల పని. హెచ్1బీ మీద, అందులోనూ పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు గడువు దాటిపోయి ఉంటే, ఆ యంత్రం ముందు అదృష్టం పరీక్షించుకోవద్దు. మీ లాయర్ సరేనంటే తప్ప ఆ ఇద్దరూ ఇటు ఒడ్డునే ఉండండి. వెళ్లే ఇద్దరి చేతికీ చిన్న నోట్లు ఇచ్చి పంపండి, అక్కడ కార్డు గీకే చోట్లు తక్కువ. పూసలతో చేసిన తేళ్లు, గుడ్డ సంచులు అమ్ముతారు, బేరం ఆడకుండా కొనండి.

పెట్రోలు మారథాన్‌లోనే నింపుకోండి. పార్కు లోపల బంకులున్నాయి గానీ థాంక్స్‌గివింగ్ రద్దీలో వాటిని నమ్ముకోవద్దు.